ఎడమ జఠరికలో రక్తప్రవాహం సిమ్యులేషన్: ఎంటెక్ ప్రాజెక్టుకి సరిపోతుందా?

#1 సుడిగుండం_97 | ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఎంటెక్ థర్మల్ రెండో ఏడాది చదువుతున్నాను. మా బ్యాచ్‌లో సగం మంది హీట్ ఎక్స్‌ఛేంజర్లు, మిగతా సగం కారు మీద గాలి. మా గైడ్ సార్ "ఈసారైనా ఏదైనా కొత్తది పట్టుకురా బాబూ" అన్నారు. గుండె ఎడమ జఠరికలో రక్తం ఎలా తిరుగుతుందో సీఎఫ్‌డీలో, అంటే ప్రవాహాన్ని కంప్యూటర్లో లెక్కకట్టే పద్ధతిలో, చేద్దామని నా ఆలోచన. దానికి వాడే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్ కొంచెం వచ్చు. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. చేతిలో నాలుగు నెలలున్నాయి.

నేను వేసుకున్న లెక్క ఇది. గుండె నిమిషానికి 5 లీటర్లు పంపు చేస్తుంది, అంటే సెకనుకి 83 మి.లీ. బృహద్ధమని వ్యాసం 2.5 సెం.మీ. అనుకుంటే సగటు వేగం సెకనుకి 17 సెం.మీ. రక్తం సాంద్రత 1060, స్నిగ్ధత 0.0035 పెడితే ప్రవాహం సాఫీగా ఉంటుందా చెదురుతుందా అని చెప్పే రేనాల్డ్స్ సంఖ్య 1300 దగ్గర వస్తోంది. 2300 లోపలే కాబట్టి లామినార్, అంటే పొరలు పొరలుగా సాఫీగా పోయే ప్రవాహం. టర్బులెన్స్ (కలగాపులగంగా చెదరడం) గొడవ లేదు, స్టెడీగా, అంటే కాలంతో మారనట్టు రన్ చేస్తే అయిపోతుంది కదా? తప్పు ఎక్కడైనా ఉంటే చెప్పండి.

#2 పంపు_మెకానిక్ | ఆదివారం, రాత్రి 11:15

ఉంది తమ్ముడూ. "స్టెడీ" అన్న మాటలోనే ఉంది.

నిమిషానికి 5 లీటర్లు అనడం నెల జీతాన్ని ముప్పై రోజులకి పంచి చెప్పడం లాంటిది. జీతం ఒకటో తారీఖునే పడుతుంది కదా, గుండె కూడా అంతే. ఒక బీట్ 0.8 సెకన్లయితే అందులో బృహద్ధమని వాల్వ్ తెరిచి ఉండేది ఇంచుమించు 0.3 సెకన్లు. 70 మి.లీ. రక్తం ఆ కాసేపట్లోనే బయటికి పోవాలి. పీక్‌లో వేగం సెకనుకి ఒక మీటరు దాకా పోతుంది. నీ లెక్కలో 17 సెం.మీ. తీసేసి మీటరు పెట్టి చూడు. 7500 దాటుతుంది. ఇక నీ లామినార్ ఎక్కడ?

పోనీ టర్బులెంట్ అందామా అంటే అదీ కాదు. పూర్తిగా కలగాపులగం అయ్యేలోపే వాల్వ్ మూసుకుపోతుంది. ఊపందుకునేటప్పుడు సాఫీగా పోయి, ఊపు తగ్గేటప్పుడు చెదురుతుంది. మా పంపులకి వాడే టర్బులెన్స్ మోడల్స్ ఇక్కడ పెడితే లేని చోట కూడా టర్బులెన్స్ పుట్టిస్తాయి.

ఇంకోటి. వోమర్స్‌లీ సంఖ్య అని ఉంటుంది, 1955లో వోమర్స్‌లీ రాసిన పేపర్ మీద వచ్చిన పేరు. అదురుతూ వచ్చే ప్రవాహంలో జడత్వం ఎక్కువా, జిగట ఎక్కువా అన్నది చెబుతుంది. నిమిషానికి 72 బీట్లు, నీ 2.5 సెం.మీ. గొట్టం పెడితే అది 19 వస్తుంది. అంటే జడత్వమే రాజు. గోడ దగ్గరి రాపిడి మధ్య దాకా పాకేలోపే ప్రవాహం దిశ మారిపోతుంది. కాబట్టి రక్తం లోపలికి వచ్చే ఇన్‌లెట్‌లో, మధ్యలో ఎక్కువ, గోడ దగ్గర సున్నా అనే పుస్తకంలోని పారాబోలా పెట్టకు. పెద్ద ధమనుల్లో వేగం మధ్యలో ఇంచుమించు చదునుగా ఉంటుంది.

నేను పద్నాలుగేళ్ళుగా పంపులకి సీఎఫ్‌డీ చేస్తున్నా. మా పంపులో ఇంపెల్లర్ తిరుగుతుంది, కేసింగ్ కదలదు. గుండెలో కేసింగే ఇంపెల్లర్. అసలు తలనొప్పి అక్కడ మొదలవుతుంది.

#3 పాత_లెక్చరర్ | సోమవారం, ఉదయం 6:20

నాయనా సుడిగుండం, పేరు భలే పెట్టుకున్నావు. నీ ప్రాజెక్టుకి తగ్గ పేరే.

రిటైరైన ఫిజిక్సు మాస్టారిని, ఓ పాత సంగతి చెప్పి పోతాను. ఈ సుడులను మొదట పట్టుకున్నవాడు లియొనార్డో డావిన్చి, 1513 ప్రాంతంలో. బృహద్ధమని మొదట్లో, వాల్వ్ మూడు రెక్కల వెనకాల మూడు బొడిపెలుంటాయి. వాటిని ఇప్పుడు వల్సాల్వా సైనస్‌లంటున్నారు. ఆ వల్సాల్వా పుట్టడానికి ఇంకా నూట యాభై ఏళ్ళుంది! ఎద్దు గుండెలో మైనం పోసి అచ్చు తీసి, దాన్నిబట్టి గాజు నమూనా చేసి, అందులో నీళ్ళు పంపి, నీళ్ళలో గడ్డిగింజలు కలిపి అవి ఎలా తిరుగుతాయో చూడాలని తన నోట్సులో రాసుకున్నాడు. ఆ బొడిపెల్లో సుడి పుడుతుందనీ, రెక్కలు మూసుకోవడానికి ఆ సుడే సాయం చేస్తుందనీ బొమ్మలేసి మరీ చెప్పాడు. 1960ల చివర్లో ఆక్స్‌ఫర్డ్‌లో బెల్‌హౌస్, టాల్బట్ ప్రయోగాలు చేసి ఆ మాట సరైనదేనని తేల్చారు.

మన గోదావరిలో వంతెన స్తంభం వెనకాల నీళ్ళు వెనక్కి తిరగడం చూసినవాడికి ఇదేమీ వింతగా అనిపించదు. కాకపోతే రక్తం శరీరమంతా తిరిగి మళ్ళీ గుండెకే వస్తుందని హార్వీ చెప్పింది 1628లో. ఆ సంగతే తెలియని కాలంలో లియొనార్డో సుడి దాకా వెళ్ళాడు, అదీ నాకు ఆశ్చర్యం.

#4 అన్నీ_డౌటే | సోమవారం, ఉదయం 9:05

అంతా బానే ఉంది గానీ నాకో డౌటు. ఎకో తీస్తే లోపల రక్తం ఎటు పోతోందో ఎరుపు నీలం రంగుల్లో లైవ్‌గా కనపడుతోంది కదా. మళ్ళీ కంప్యూటర్లో కష్టపడి వండటం దేనికి?

#5 ఎకో_రూమ్ | సోమవారం, మధ్యాహ్నం 2:48

రోజూ ఇరవై, ముప్పై ఎకోలు చేసే దాన్ని కాబట్టి ఈ డౌటుకి నేను చెప్పొచ్చు.

ఎకోలో ఆ రంగులు చూపించే డాప్లర్‌కి తెలిసేది ఒక్కటే. ప్రోబ్ వైపు రక్తం ఎంత వేగంగా వస్తోంది, లేదా ప్రోబ్ నుంచి ఎంత వేగంగా దూరం పోతోంది. అడ్డంగా పోయే రక్తం దాని కంటికి ఆనదు. ఎరుపంటే మంచి రక్తం, నీలమంటే చెడు రక్తం అనుకునే పేషెంట్లు ఇప్పటికీ వస్తారు. అది దిశ మాత్రమేనండి.

పీడనం కూడా మేము కొలవం, లెక్క కడతాం. వేగాన్ని మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ నాలుగుతో గుణిస్తే వాల్వ్‌కి ఇటూ అటూ ఉన్న పీడనం తేడా పాదరసం మిల్లీమీటర్లలో వస్తుంది. బృహద్ధమని వాల్వ్ దగ్గర 4 మీటర్ల వేగం కనపడితే 64 మిల్లీమీటర్లు. ఆ వేగం 4 దాటితే వాల్వ్ బాగా బిగుసుకుపోయిందని రాస్తాం. మంచి లెక్కే. కానీ గోడ మీద రక్తం ఎంత గట్టిగా రాసుకుంటోంది, ఏ మూల రక్తం కదలకుండా నిలవ ఉంటోంది, ఈ వాల్వ్ తీసి వేరే సైజు పెడితే ఏమవుతుంది అని అడిగితే ఎకో చెప్పదు.

నిలవ సంగతే చూడండి. ఎడమ కర్ణిక పక్కన చెవి తమ్మెలా వేలాడే చిన్న సంచి ఉంటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని కర్ణికలు లయ తప్పి అదిరే జబ్బు ఒకటుంది. అది ఉండి వాల్వ్ జబ్బు లేనివాళ్ళలో గడ్డలు కట్టేది ఎక్కువగా ఆ సంచిలోనే, పదింట తొమ్మిది అంటారు. ఒకరికి కడుతుంది, అదే రిథమ్ ఉన్న ఇంకొకరికి కట్టదు. ఆ సంచి ఆకారం ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. అందులోకి పోయిన రక్తం ఎన్ని బీట్లకి బయటికి వస్తుందో కంప్యూటర్ చెప్పగలిగితే నాకు కావాలి.

#6 డల్లాస్_బావ | సోమవారం, రాత్రి 9:31

మేడమ్ గారు పాయింట్ మీద కొట్టారు. నేను ఇక్కడ మెడికల్ డివైస్ సిమ్యులేషన్ పనిలో ఉన్నాను. సుడిగుండం, నువ్వు మొదట చదవాల్సిన పేరు చార్లెస్ పెస్కిన్.

1972లో ఆయన పీహెచ్‌డీ పనే గుండె వాల్వ్ చుట్టూ రక్తప్రవాహం. పంపు_మెకానిక్ అన్న చెప్పిన తలనొప్పే ఆయనకీ వచ్చింది. వాల్వ్ రెక్క ఎక్కడుంటుందో ముందే తెలిస్తే ప్రవాహం లెక్కకట్టొచ్చు. కానీ రెక్కని కదిలించేది ఆ ప్రవాహమే. పోనీ రెక్క కదిలిన ప్రతిసారీ మెష్ (లెక్క కోసం గీసే గళ్ళ వల) కొత్తగా గీద్దామంటే, రెండు రెక్కలు ఒకదానికొకటి అతుక్కునే సరికి మధ్యలో మెష్ నలిగి చస్తుంది.

ఆయన చేసింది ఇది. ద్రవానికి మామూలు చదరపు గళ్ళు, అవి కదలవు. గుండె గోడని, వాల్వ్‌ని గళ్ళతో పనిలేకుండా సాగే దారాలుగా తీసుకుని ఆ గళ్ళ మీద వదిలేశాడు. కాలువలో గుర్రపుడెక్క చూసే ఉంటావు కదా. నీళ్ళు ఎటు పోతే అటు పోతుంది, కానీ వేళ్ళన్నీ చిక్కుపడి ఉంటాయి కాబట్టి ఒకచోట లాగితే ఇంకోచోట బిగుసుకుని నీళ్ళనే ఆపుతుంది. ఇదీ అంతే. దారం మీది ప్రతి చుక్కా చుట్టూ ఉన్న ద్రవం వేగంతోనే కదులుతుంది. దారం సాగితే పుట్టే బలాన్ని పక్క గళ్ళలోని ద్రవానికి పంచుతుంది. మళ్ళీ ద్రవం కదులుతుంది, మళ్ళీ దారం. దీన్నే ఇమ్మర్స్‌డ్ బౌండరీ పద్ధతి అంటారు. గుండె కోసం పుట్టిన ఈ పద్ధతిని తర్వాత చేప ఈతకీ, పురుగు రెక్కలకీ కూడా వాడారు.

తర్వాత డేవిడ్ మెక్వీన్‌తో కలిసి దీన్ని పూర్తి త్రీడీ గుండెగా చేశారు, పిట్స్‌బర్గ్‌లోని క్రే సూపర్ కంప్యూటర్ మీద. అంత మెషీన్ మీద కూడా రక్తాన్ని అసలు కంటే చిక్కగా పెట్టుకోవాల్సి వచ్చింది. అసలు చిక్కదనం పెడితే ఆ గళ్ళు సరిపోయేవి కావు. 16 జీబీ ల్యాప్‌టాప్ వాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదువుకోవాలి :)

#7 సుడిగుండం_97 | సోమవారం, రాత్రి 11:50

బావగారూ, ఇది చదివాక నిద్ర పట్టేలా లేదు. అయితే ఇమ్మర్స్‌డ్ బౌండరీ కోడ్ నేనే రాసి, ఎడమ జఠరిక, దాంట్లోకి రక్తం వచ్చే మైట్రల్ వాల్వ్, బయటికి పోయే బృహద్ధమని వాల్వ్ మూడూ పెట్టి...

#8 పంపు_మెకానిక్ | మంగళవారం, ఉదయం 7:10

...ఆరేళ్ళ తర్వాత పీహెచ్‌డీ తీసుకుంటావు. నాలుగు నెలలు అన్నావు తమ్ముడూ.

గుండె గోడ కండరం పోగులు లోపలి వైపు ఒక వాలుగా, బయటి వైపు దానికి ఎదురు వాలుగా చుట్టుకుని ఉంటాయి. తడిబట్ట పిండినట్టు మెలితిరుగుతూ ముడుచుకుంటుంది. మైట్రల్ రెక్కల్ని కింద తాళ్ళు పట్టుకుని ఉంటాయి. వాటన్నిటి సాగుడు గుణాలు నీకు ఎవరిస్తారు? బతికున్న మనిషి గుండెలోంచి ముక్క కోసి టెస్టింగ్ మెషీన్‌లో పెట్టలేవు కదా. ప్రవాహానికి వాడే నేవియర్–స్టోక్స్ సమీకరణాల కంటే ఇదే పెద్ద అడ్డంకి.

#9 డల్లాస్_బావ | మంగళవారం, రాత్రి 8:44

అన్న మాటే నా మాట. కోడ్ రాయాల్సిన పనీ లేదు. పెస్కిన్ దగ్గరే చదివిన బోయ్స్ గ్రిఫిత్ మొదలుపెట్టిన ఐబామర్ అనే ఇమ్మర్స్‌డ్ బౌండరీ సాఫ్ట్‌వేర్ ఉచితం. స్టాన్‌ఫర్డ్ వైపు నుంచి వచ్చిన సిమ్‌వాస్కులర్ కూడా ఉచితం, సీటీ స్కాన్ నుంచి మెష్ దాకా తీసుకెళ్తుంది.

కానీ అంతకంటే ముందు చెప్పాల్సింది వేరే ఉంది. మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ వాళ్ళు ఒక పరీక్ష పెట్టారు. గుండె కాదు, వాల్వ్ కాదు, ఒక ఉత్త గొట్టం. 12 మి.మీ. వెడల్పు గొట్టం సన్నబడి 4 మి.మీ. అయి, మళ్ళీ ఒక్కసారిగా 12 అవుతుంది. గోడలు కదలవు. ద్రవం గుణాలు, ప్రవాహం ఎంతో అన్నీ ఇచ్చేశారు. ప్రపంచం నలుమూలల నుంచి 28 బృందాలు సిమ్యులేషన్ చేసి పంపాయి. అదే గొట్టాన్ని వేర్వేరు ల్యాబుల్లో నిజంగా తయారుచేసి లేజర్‌తో వేగాలు కొలిచారు. 2012లో ఫలితాలు బయటికి వచ్చాయి. 28 జవాబులు ఒకదానికొకటి పొంతన లేవు. ముఖ్యంగా గొట్టం వెడల్పయిన చోట జెట్ ఎంత దూరం పోయి చెదురుతుందన్న దగ్గర ఎవరి దారి వాళ్ళది. లామినారూ కాని, టర్బులెంటూ కాని ఆ మధ్య రేనాల్డ్స్ సంఖ్యల దగ్గరే మరీ అన్యాయం.

అందరివీ అందమైన రంగుల బొమ్మలే. అందుకే మా ఆఫీసులో బొమ్మ చూపిస్తే ఎవరూ మెచ్చుకోరు. "దేనితో పోల్చి చూశావ్?" అని అడుగుతారు.

#10 అన్నీ_డౌటే | మంగళవారం, రాత్రి 9:20

చూశారా! నేను ముందే అన్నాను.

#11 పంపు_మెకానిక్ | మంగళవారం, రాత్రి 9:26

నువ్వు ఏమన్నావ్? "దేనికి" అన్నావ్ అంతే.

#12 చిట్టితల్లి_అమ్మ | బుధవారం, మధ్యాహ్నం 12:15

క్షమించాలి, ఇది ఇంజినీర్ల చర్చలా ఉంది. గుండె అని వెతుకుతుంటే దొరికింది. మా పాపకి పుట్టుకతో ఒకటే జఠరిక పనిచేస్తుంది. పై శరీరం రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకి కలిపే గ్లెన్ ఆపరేషన్ అయ్యింది. ఇంకో ఏడాదిలో కింది శరీరం రక్తాన్నీ అలాగే కలిపే ఫాంటాన్ ఆపరేషన్ చేయాలన్నారు. గొట్టం ఎక్కడ కలపాలో కంప్యూటర్లో ముందే చూసి చేస్తారని ఎక్కడో చదివాను. మన దగ్గర అలా చేస్తారా? చేయకపోతే ఏమైనా ప్రమాదమా? టెన్షన్‌గా ఉంది, తప్పుగా అడిగితే ఏమీ అనుకోకండి.

#13 ఎకో_రూమ్ | బుధవారం, సాయంత్రం 5:40

ఇందులో తప్పేముందమ్మా. అడగాల్సిన మాటే.

ఒక్కొక్కరికీ కంప్యూటర్ సిమ్యులేషన్ చేసి ఫాంటాన్ చేయడం ఎక్కడా మామూలు పద్ధతి కాదు, విదేశాల్లో కూడా. చేయకపోతే ఏదో లోటు జరిగినట్టు అనుకోవద్దు. సర్జన్ గారు ముందు క్యాథ్‌లో, అంటే రక్తనాళంలోంచి సన్న గొట్టం పంపి, ఊపిరితిత్తుల పీడనం ఎంతుందో చూస్తారు, ఆ రక్తనాళాల సైజు చూస్తారు, ఆ జఠరిక ఎంత బాగా కొడుతోందో, వాల్వ్ ఏమైనా లీక్ అవుతోందేమో చూస్తారు. వాటిని బట్టే నిర్ణయం. ఈసారి వెళ్ళినప్పుడు "పాప ఊపిరితిత్తుల పీడనం ఎంత ఉంది, ఫాంటాన్‌కి అనుకూలమేనా" అని అడగండి, విడమర్చి చెబుతారు. సిమ్యులేషన్ సంగతి బావగారు చెబితే బాగుంటుంది.

#14 డల్లాస్_బావ | బుధవారం, రాత్రి 10:02

అక్కా, మీ పాప చల్లగా ఉండాలి. కంప్యూటర్ సాయం అందులో ఎప్పుడో కలిసిపోయింది, అందుకే ఇది చెప్పాలనిపించింది.

ఫాంటాన్ తర్వాత పై శరీరం రక్తం పై నుంచి, కింది శరీరం రక్తం కింది నుంచి వచ్చి గుండె తోపు లేకుండానే ఊపిరితిత్తుల్లోకి పోవాలి. పంపు లేదు కాబట్టి దారిలో కొంచెం శక్తి వృథా అయినా భారమే. పైదీ కిందిదీ సరిగ్గా ఎదురెదురుగా కలిపితే రెండు ధారలూ ఢీకొట్టుకుంటాయి. 1996లో లండన్ సర్జన్ డి లెవాల్, మిలాన్ ఇంజినీర్లు కలిసి కంప్యూటర్ మోడల్‌లో ఇది చూపించారు. రెంటినీ ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కకి జరిపి కలిపితే వృథా తగ్గుతుందని తేల్చారు. అప్పటి నుంచి ఆ జరిపి కలపడం సర్జన్లకి తెలిసిన విద్యే అయింది. కాబట్టి మీ పాప కోసం ఎవరూ కంప్యూటర్ తెరవకపోయినా ఆ లెక్క సర్జన్ చేతిలో ఇప్పటికే ఉంది.

ఇంకా తేలనివి లేకపోలేదు. కాలేయం నుంచి వచ్చే రక్తం రెండు ఊపిరితిత్తులకీ అందాలి, ఒకదానికే పోతే రెండోదాంట్లో అసహజమైన రక్తనాళాలు పెరగొచ్చు. దానికోసం గొట్టాన్ని పంగలకర్రలా రెండు పాయలుగా చీల్చి చూశారు. మోడల్‌లో బాగుంది. మనుషుల్లో అందరికీ ఒకేలా రాలేదు.

#15 చిట్టితల్లి_అమ్మ | గురువారం, ఉదయం 8:30

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. మీ మాటలు మా ఆయనకి కూడా చదివి వినిపించాను. పీడనం సంగతి తప్పకుండా అడుగుతాము.

#16 అన్నీ_డౌటే | గురువారం, రాత్రి 7:55

ఈసారి నిజంగానే డౌటు. మా బాబాయి అమెరికాలో ఉంటాడు. గుండె రక్తనాళంలో బ్లాక్ ఉందని, వైరు లోపలికి పెట్టకుండా సీటీ స్కాన్ నుంచే బ్లాక్ ఎంత ముదిరిందో కంప్యూటర్లో చెప్పారట. స్కాన్ అంటే ఫోటో. ఫోటోలోంచి పీడనం ఎలా తీస్తారు?

#17 డల్లాస్_బావ | గురువారం, రాత్రి 10:48

హార్ట్‌ఫ్లో అనే కంపెనీ పరీక్ష అయ్యుంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో చార్లెస్ టేలర్ వాళ్ళ పరిశోధనలోంచి వచ్చింది, 2014లో ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది.

బ్లాక్‌కి ముందు పీడనం 100 ఉండి, దాటాక 78 అయితే నిష్పత్తి 0.78. 0.80కి దిగితే స్టెంట్ గురించి ఆలోచిస్తారు. మామూలుగా వైరు లోపలికి పెట్టి, మందిచ్చి రక్తనాళాలు వెడల్పు చేసి కొలుస్తారు. ఇక్కడ స్కాన్ నుంచి రక్తనాళాల ఆకారం తీసి నేవియర్–స్టోక్స్ సాల్వ్ చేస్తారు.

మరి ఎంత రక్తం పోతోందో ఫోటోలో లేదు కదా అంటే, నీ డౌటు సరైనదే. దాన్ని ఇంకో దారిలో పట్టారు. కండరం ఎంత బరువుంటే విశ్రాంతిలో అంత రక్తం కావాలి, స్కాన్‌లో కండరం కనపడుతుంది. చివరల్లో కంటికి కనపడని సన్న నాళాల అడ్డుని రక్తనాళం సైజుని బట్టి పంచుతారు. మందిస్తే ఆ అడ్డు ఎంత తగ్గుతుందో ముందే తెలిసిన లెక్క ప్రకారం తగ్గిస్తారు. అంటే మధ్యలో ఉన్నది ఫిజిక్సు, అంచుల్లో ఉన్నది ఫిజియాలజీ మీద నమ్మకం. ఆ నమ్మకం వైరు కొలతలతో పోల్చి చూశాకే అనుమతి వచ్చింది. ఒకరి సన్న నాళాలు షుగర్ వల్ల దెబ్బతిని ఆ లెక్కకి లొంగకపోతే జవాబు పక్కకి పోతుంది.

#18 పంపు_మెకానిక్ | శుక్రవారం, ఉదయం 6:58

ఆ అంచుల మాట తమ్ముడు గోడ మీద రాసుకోవాలి. సీఎఫ్‌డీలో కొత్తవాళ్ళు మెష్ మీద మూడు నెలలు, అవుట్‌లెట్ మీద మూడు నిమిషాలు పెడతారు. అవుట్‌లెట్‌లో పీడనం సున్నా అని కొట్టేసి పోతారు. గుండెకి అవతల శరీరమంతా వేలాడుతోంది బాబూ. కనీసం విండ్‌కెసెల్ పెట్టు. ఆ జర్మన్ మాటకి అర్థం గాలి గది. పాత ఫైరింజన్ పంపుల్లో అలాంటిది ఉండేది. పంపు దెబ్బలు దెబ్బలుగా కొట్టినా పైపులోంచి నీళ్ళు ధారగా వచ్చేవి. ధమనులు సాగి ముడుచుకోవడం అదే పని చేస్తుందని 1899లో ఒట్టో ఫ్రాంక్ లెక్క కట్టాడు. ఒక కెపాసిటర్, ఒకటో రెండో రెసిస్టర్లు, అంతే.

#19 పాత_లెక్చరర్ | శుక్రవారం, ఉదయం 7:30

మన దేశం సంగతి ఎవరూ ఎత్తలేదే. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో గుండె సర్జన్ వలియత్తాన్ గారి బృందం చేసిన చిత్ర అనే కృత్రిమ వాల్వ్‌ని మొదటిసారి మనిషికి అమర్చింది 1990 డిసెంబరులో. వాలుతూ తెరుచుకునే ఒకే బిళ్ళ. మొదటి మూడు నమూనాలు గట్టెక్కలేదు, నాలుగోది నిలబడింది. మెక్వీన్, పెస్కిన్ 1983లోనే అలాంటి బిళ్ళ వాల్వ్‌లకి ఇరుసు ఎక్కడ పెడితే బాగుంటుందని కంప్యూటర్లో వెతికారని చదివాను. నమూనా చేసి, జంతువుకి పెట్టి, పాడయ్యాక కారణం వెతకడం కంటే ఇరుసుని తెర మీద జరిపి చూడటం తేలిక కదా.

#20 ఎకో_రూమ్ | శుక్రవారం, మధ్యాహ్నం 3:12

చిత్ర వాల్వ్ పెట్టించుకుని ఏళ్ళ తరబడి చెకప్‌కి వస్తున్నవాళ్ళు నాకు ఉన్నారు మాస్టారూ. ఎక్కువమంది చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి మైట్రల్ పాడైనవాళ్ళే. స్టెత్ పెట్టక ముందే టిక్కు టిక్కుమని వినపడుతుంది.

#21 సుడిగుండం_97 | శుక్రవారం, రాత్రి 11:30

నిర్ణయం తీసుకున్నాను. జఠరిక వదిలేశా. లియొనార్డో గాజు గొట్టమే చేస్తాను. కదలని గోడలు, తెరిచి ఉన్న స్థితిలో ఆపేసిన రెక్కలు, మూడు సైనస్‌లు. ముందు ఒక వెడల్పు గది, దాంట్లోంచి బీట్ ప్రకారం మారే ప్రవాహం. సైనస్‌లో సుడి ఎప్పుడు పుడుతుందో చూడటం, తర్వాత రెక్కల మధ్య దారి కొంచెం ఇరుకు చేసి పీడనం తేడా చూడటం. మా సార్ ఒప్పుకున్నారు. "గుండె పేరు టైటిల్‌లో ఉంటే చాలు" అన్నారు.

#22 సుడిగుండం_97 | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 1:05

హెల్ప్! మూడు రోజులుగా రన్ అవుతోంది. ఎర్రర్ లేదు, కన్వర్జెన్స్ (లెక్క ఒక జవాబు దగ్గర కుదురుకోవడం) అద్భుతం. కానీ సుడి లేదు. బీట్ అంతా అయిపోయినా సైనస్‌లో రక్తం కదిలినట్టే లేదు. రేనాల్డ్స్ తగ్గించా, పెంచా, స్కీమ్ మార్చా. ఏమీ తేడా లేదు.

#23 పంపు_మెకానిక్ | శనివారం, ఉదయం 6:40

ఇంత బాగా కన్వర్జ్ అయితేనే అనుమానించాలి. జామెట్రీ ఏ సాఫ్ట్‌వేర్‌లో గీశావ్? మిల్లీమీటర్లలోనా? చెక్‌మెష్ కమాండ్ కొట్టి మోడల్ కొలతలు ఎంత చూపిస్తోందో ఇక్కడ పెట్టు.

#24 సుడిగుండం_97 | శనివారం, ఉదయం 9:15

అన్నా... గొట్టం వ్యాసం 25 అని చూపిస్తోంది. ఓపెన్‌ఫోమ్‌కి అన్నీ మీటర్లే. నా బృహద్ధమని 25 మీటర్ల వెడల్పు.

#25 పంపు_మెకానిక్ | శనివారం, ఉదయం 9:18

😂😂 తిమింగలం కూడా సిగ్గుపడుతుంది. సెకనుకి మీటరు వేగంతో 0.8 సెకన్లలో రక్తం మహా అయితే 80 సెం.మీ. పోయింది, 25 మీటర్ల గొట్టంలో. సుడి ఎక్కడి నుంచి వస్తుంది? 0.001తో స్కేల్ చెయ్యి. బాధపడకు, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనూ ఇలాంటిదే చేసి మేనేజర్ ముందు ప్రెజెంటేషన్ దాకా వెళ్ళాను.

#26 సుడిగుండం_97 | వారం తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:22

సుడి వచ్చింది! వేగం పెరుగుతున్నప్పుడే రెక్క కొస దగ్గర చిన్నగా చుట్టుకోవడం మొదలైంది, పీక్ దాటాక సైనస్ నిండా తిరుగుతోంది. మాస్టారూ, మీరు చెప్పిన వంతెన స్తంభం గుర్తొచ్చింది.

ఇరుకు చేసిన కేసులో పీక్ వేగం సెకనుకి 2 మీటర్లు. ముందు గదికీ ఇరుకు దగ్గరికీ పీడనం తేడా 2.1 వచ్చింది. అంటే 2.1 మిల్లీమీటర్లు. తక్కువే కదా, ఈ మాత్రం ఇరుకు ప్రమాదం కాదని రాసుకోవచ్చా?

#27 ఎకో_రూమ్ | ఆదివారం, రాత్రి 8:05

ఆగు బాబూ. 2 మీటర్ల వేగానికి మా లెక్కలో రెండు రెళ్ళు నాలుగు, నాలుగు నాలుగులు పదహారు. 16 మిల్లీమీటర్లు రావాలి. నీకు 2 వచ్చిందంటే ఎక్కడో పోయింది.

#28 పంపు_మెకానిక్ | ఆదివారం, రాత్రి 8:31

మేడమ్ పట్టేశారు. తమ్ముడూ, ఓపెన్‌ఫోమ్‌లో ఇలాంటి సాల్వర్లు ఇచ్చే పీడనం అసలు పీడనం కాదు, సాంద్రతతో భాగించేసింది. 1060తో గుణించు, పాస్కల్స్ వస్తాయి. పాదరసం కావాలంటే 133.3తో భాగించు.

#29 సుడిగుండం_97 | ఆదివారం, రాత్రి 8:50

2.1 ఇంటూ 1060, 2226 పాస్కల్స్. 133.3తో భాగిస్తే 16.7!!

మేడమ్, ఇంకోటి చూడండి. వేగాన్నీ పీడనాన్నీ కలిపే బెర్నూలీ సూత్రం ప్రకారం తేడా అంటే సాంద్రతలో సగం ఇంటూ వేగం వర్గం. 1060లో సగం 530. 530ని 133.3తో భాగిస్తే 3.98. మీ నాలుగు ఇదే!

#30 ఎకో_రూమ్ | ఆదివారం, రాత్రి 9:24

పద్దెనిమిదేళ్ళుగా ఆ నాలుగుతో గుణిస్తున్నాను. మెషీన్ దానంతటదే వేస్తుంది కూడా. రక్తం సాంద్రత అందులో దాక్కుని ఉందని ఈరోజు వరకు ఆలోచించలేదు.

#31 అన్నీ_డౌటే | ఆదివారం, రాత్రి 9:40

మరి 16కి బదులు 16.7 ఎందుకొచ్చింది?

#32 పంపు_మెకానిక్ | ఆదివారం, రాత్రి 9:52

మొదటిసారి మంచి డౌటు అడిగావ్. గోడ రాపిడి కొంత ఉండొచ్చు, బెర్నూలీ దాన్ని లెక్కలోకి తీసుకోదు. తమ్ముడు పీడనం తీసిన క్షణం సరిగ్గా పీక్ కాకపోతే రక్తాన్ని తోయడానికి పట్టిన పీడనం కూడా అందులో కలుస్తుంది. లేదా మెష్ మొరటుగా ఉండొచ్చు. తమ్ముడూ, ఇరుకు దగ్గర గళ్ళ సైజు సగం చేసి మళ్ళీ రన్ చెయ్యి. అంకె మారకపోతే మెష్ మీద అనుమానం పోతుంది.

#33 సుడిగుండం_97 | ఆదివారం, రాత్రి 10:37

రన్ పెట్టేశాను అన్నా. అక్కడ గళ్ళు ఎనిమిది రెట్లయ్యాయి, ర్యామ్ 14 జీబీ దాకా తినేస్తోంది, ఫ్యాన్ విమానంలా మోగుతోంది. హాస్టల్లో కరెంటు పోకపోతే బుధవారానికి అంకె చెబుతాను.